ఉన్నది ఒక్క పెన్‌డ్రైవే అయితే: డేటా పోకుండా పార్టిషన్ మార్చడానికి ఏ దారి మంచిది?

ఆదివారం రాత్రి ఎనిమిది దాటాక ఖమ్మం నుంచి మా బావ ఫోన్ చేశారు. వారం రోజులుగా టక్ టక్‌మంటున్న ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ చివరికి పోయింది. మెకానిక్ వచ్చి కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, "విండోస్ రేపు ఎక్కిస్తా, తొందరైతే పెన్‌డ్రైవ్‌తో మీరే ఎక్కించుకోవచ్చు" అని చెప్పి వెళ్లిపోయాడు. తెల్లారితే అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క 64 జీబీ పెన్‌డ్రైవ్. అందులో హార్డ్ డిస్క్ పోకముందే కాపీ చేసుకున్న 21 జీబీ ఉంది. పొలం పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల మార్కుల మెమోలు, వాళ్ల నాన్నగారి చివరి ఫొటోలు.

"దీన్ని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో మనవి ఉంచి, రెండోదాంట్లో విండోస్ పెడదామనుకుంటున్నా. కుదురుద్దా?" అని అడిగారు. పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్ అప్పటికే తెచ్చి పెట్టుకున్నారు.

"బావా, ఆ ఫొటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"ఎక్కడున్నయిరా, ఉన్నవి అవే."

"అయితే ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. ఏం నొక్కకండి."

హార్డ్ డిస్క్ బాగున్నన్నాళ్లూ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కాపీ. డిస్క్ పోయిన రోజు నుంచి అదే అసలు. చాలామంది ఈ మార్పును గమనించరు. పాత అలవాటు ప్రకారం పెన్‌డ్రైవే కదా అని ఫార్మాట్, పార్టిషన్ (అంటే డ్రైవ్‌ని భాగాలుగా విడగొట్టడం) అంటూ మొదలుపెడతారు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పేముందు ఇంకో సంగతి తేలాలి. మీ దగ్గర ఆ డేటా ఒక్కచోటే ఉందా, రెండు చోట్ల ఉందా? రెండు చోట్ల ఉంటే కింద చెప్పే దారుల్లో ఏది పట్టినా పర్వాలేదు. ఒక్కచోటే ఉంటే మాత్రం కొన్ని దారులు మీకు పూర్తిగా మూసేసినట్టే లెక్క.

రెండో కాపీ ఎక్కడ పెట్టాలి

"ఇంకో డ్రైవ్ లేదు" అనేవాళ్ల చేతిలోనే దాదాపు ఎప్పుడూ ఇంకో డ్రైవ్ ఉంటుంది. అదే ఫోన్. ఇప్పుడొచ్చే ఫోన్లలో 128 జీబీ మామూలు. ఓటీజీ అడాప్టర్ (ఫోన్ ఛార్జింగ్ పోర్టుకి పెన్‌డ్రైవ్ తగిలించే చిన్న ముక్క) ఒకటి పెట్టి పెన్‌డ్రైవ్‌ని నేరుగా ఫోన్‌కి తగిలిస్తే, ఫోన్‌లోని ఫైల్ మేనేజర్‌లోనే కాపీ చేసుకోవచ్చు. సెకనుకు 20 ఎంబీ చొప్పున వచ్చినా 21 జీబీకి పద్దెనిమిది నిమిషాలు చాలు. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే దానికి రెట్టింపు పడుతుంది, కంగారు పడక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని చదవలేవు. అప్పుడు "ఈ డ్రైవ్ పనిచేయడం లేదు, ఫార్మాట్ చేయండి" అన్న అర్థం వచ్చే నోటిఫికేషన్ వస్తుంది. పొరపాటున కూడా దాన్ని నొక్కకండి. డ్రైవ్ పాడవలేదు, ఫోన్‌కి ఆ భాష రాదంతే. పెన్‌డ్రైవ్‌ని ఏదైనా కంప్యూటర్‌కి పెట్టి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, అటు నుంచి పంపండి.

క్లౌడ్ కూడా మంచిదే కానీ లెక్క చూసుకోవాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మీ మెయిళ్లు, ఫొటోలు కూడా ఉంటాయి. వన్‌డ్రైవ్‌లో ఉచితం 5 జీబీ. పైగా అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో 21 జీబీ ఎక్కాలంటే రెండుంపావు గంటలకు పైనే. అంతా ఎక్కకపోయినా, ముందు డాక్యుమెంట్లు, తర్వాత మళ్లీ దొరకని ఫొటోలు ఎక్కించండి. సినిమాలు, పాటలు ఆఖర్న. వాట్సాప్‌లో ఫొటోలుగా పంపుకుని "బ్యాకప్ అయిపోయింది" అనుకోవద్దు. అది ఫొటోని కుదించి పంపుతుంది, పాత స్కాన్‌లో చిన్న అక్షరాలు చదవడానికి రాకుండా పోతాయి.

కాపీ అయ్యాక సరిచూడటం మానొద్దు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో, ఎన్ని బైట్లో రెండు వైపులా చూడండి. "సైజ్ ఆన్ డిస్క్" అని ఇంకో లెక్క కూడా కనిపిస్తుంది. రెండు డ్రైవ్‌ల మధ్య అది మారుతుంది, దాన్ని పట్టించుకోకండి. తర్వాత నాలుగైదు పెద్ద వీడియోలు తెరిచి, మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. ఒక పీడీఎఫ్ చివరి పేజీ తెరవండి. ఐదు నిమిషాల పని.

ఇంకో మాట. పెన్‌డ్రైవ్ అసలు సైజు నిజమైనదో కాదో తెలుసుకోడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి టూల్స్ ఉన్నాయి. మంచివే. కానీ అవి ఖాళీ జాగాని నింపి పరీక్షిస్తాయి. మీది నకిలీ పెన్‌డ్రైవ్ అయితే, ఆ నింపుడు మీ పాత ఫైళ్ల మీదే పడే అవకాశం ఉంది. కాబట్టి ఆ పరీక్ష రెండో కాపీ అయ్యాకే.

పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉంది?

దారి ఏదనేది సగం ఇక్కడే తేలిపోతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే "ఫైల్ సిస్టమ్" అని కనిపిస్తుంది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే అదృష్టం. విండోస్ స్వయంగా కుదించగలదు, లైనక్స్ టూల్స్ కూడా కుదించగలవు.

ఫ్యాట్32 అయితే విండోస్ సొంత టూల్స్ కుదించలేవు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ష్రింక్ వాల్యూమ్" నొక్కుదామన్నా నొక్కనివ్వదు. కానీ లైనక్స్‌లో నడిచే జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ చేస్తుంది, విండోస్‌లో నడిచే బయటి పార్టిషన్ టూల్స్ కూడా చేస్తాయి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదన్న సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆశ వదులుకోండి. విండోస్ కుదించదు, జీపార్టెడ్ కూడా కుదించదు. 64 జీబీ, ఆపై పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఈ ఫార్మాట్‌లోనే వస్తాయి కాబట్టి ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బావ పెన్‌డ్రైవ్ కూడా ఇదే. వీళ్లకి నమ్మదగ్గ దారి ఒక్కటే. డేటా బయటికి తీయడం, పెన్‌డ్రైవ్‌ని కొత్తగా విభజించుకోవడం, డేటా తిరిగి పెట్టడం.

కుదించడం వేరు, జరపడం వేరు

టూల్ ఏదైనా సరే, పార్టిషన్‌ని కుడివైపు నుంచి కుదించడానికి, ఎడమవైపు మొదలునే జరపడానికి చాలా తేడా ఉంది. దీన్ని నేను తెలుసుకున్న తీరు ఇప్పటికీ బాధ పెడుతుంది.

2019లో మా బాబు అన్నప్రాసన వీడియోలున్న 32 జీబీ పెన్‌డ్రైవ్‌కి ముందు భాగంలో కొంచెం ఖాళీ కావాలనిపించింది. ఒక టూల్‌లో బొమ్మని మౌస్‌తో పట్టుకుని కుడివైపుకి జరిపి, అప్లై నొక్కాను. స్క్రీన్ మీద 58 శాతం అని ఉంది. డెస్క్‌టాప్ ముందువైపు యూఎస్‌బీ పోర్టు కొంచెం లూజు. పిల్లాడు పాకుతూ వచ్చి కేబినెట్ పట్టుకుని లేవబోయాడు. అంతే, పెన్‌డ్రైవ్ కనెక్షన్ ఒక్క క్షణం పోయింది. ఫొటోలు చాలావరకు తర్వాత దొరికాయి. వీడియోల్లో ఎక్కువ సగం దగ్గర ఆగిపోతాయి. వాడి నోట్లో మా అమ్మ పరమాన్నం పెట్టే ముక్క ఇక లేదు.

అలా ఎందుకైందంటే, పార్టిషన్ మొదలుని జరపడమంటే అందులోని ప్రతి బ్లాకునీ చదివి కొత్త చోట రాయడం. సగంలో ఆగితే సగం డేటా కొత్త చోట, సగం పాత చోట ఉంటుంది. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక రెంటికీ సరిపోదు. అదే కుడివైపు నుంచి కుదిస్తే, కొత్త హద్దు దాటి ఉన్న ఫైళ్లే లోపలికి జరుగుతాయి. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది. ప్రమాదం ఉండే సమయమే తక్కువ.

కాబట్టి కొత్త పార్టిషన్‌ని ఎప్పుడూ చివర్లో పెట్టండి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. విండోస్ 10లో 2017లో వచ్చిన 1703 వెర్షన్‌కి ముందు, పెన్‌డ్రైవ్‌లో ఎన్ని పార్టిషన్లున్నా విండోస్‌కి మొదటిదే కనిపించేది. చాలా టీవీలు, కారు స్టీరియోలు ఇప్పటికీ అంతే. మీ డేటా మొదటి భాగంలోనే ఉంటే ఎక్కడ పెట్టినా కనిపిస్తుంది. బూట్ కావాల్సిన భాగం, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే మొదలయ్యే భాగం, చివర ఉన్నా, ఫ్యాట్32 అయితే యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే కొత్త తరహా ఏర్పాటు) ఉన్న కంప్యూటర్లు మామూలుగా దాన్ని పట్టుకుంటాయి.

దారుల్లో ఏది ఎవరికి

విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్ ఉన్నవాళ్లకి నా మొదటి సలహా ఇదే. డౌన్‌లోడ్ చేసేదేమీ లేదు, తక్కువ తప్పులు చేయనిస్తుంది, మొదలుని జరిపే వీలే ఇవ్వదు. అది లోపం అనుకుంటారు కానీ నా దృష్టిలో అదే దాని గొప్పదనం. ఒక చిక్కు ఉంది. 40 జీబీ ఖాళీ ఉన్నా "12 జీబీయే కుదించగలను" అనొచ్చు. మధ్యలో కదపడానికి వీల్లేని సిస్టమ్ ఫైలు ఏదో కూర్చుని ఉంటే అలా అంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌కి 8 జీబీ చాలు కాబట్టి ఆ 12తోనే పని జరిగిపోతుంది, మొండికెయ్యక్కర్లేదు.

డిస్క్‌పార్ట్ ఇదే పనిని కమాండ్లతో చేస్తుంది. బాగా తెలిసినవాళ్లు వాడుకోవచ్చు. కొత్తవాళ్లు ఇలాంటి రాత్రి దాని జోలికి పోకపోవడం మేలు. అందులో డిస్క్‌లు పేర్లతో ఉండవు, 0, 1, 2 అని నంబర్లతో ఉంటాయి. తప్పు నంబర్ సెలెక్ట్ చేసి "క్లీన్" కొడితే అది "నిజమేనా?" అని కూడా అడగదు. పక్కింటి ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఆ పొరపాటు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఫ్యాట్32 ఉన్నవాళ్లకి విండోస్‌లోనే ఒక పక్కదారి ఉంది, చాలామందికి తెలియదు. "కన్వర్ట్" అన్న కమాండ్ ఫ్యాట్32ని ఫైళ్లు అలాగే ఉంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మారుస్తుంది. మొదలుపెట్టే ముందు ఆ డ్రైవ్ పేరు, అంటే వాల్యూమ్ లేబుల్, టైప్ చేయమంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే పేరు ఉన్నదున్నట్టు కొట్టాలి. మారిన తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో హాయిగా కుదించుకోవచ్చు. అయితే ఇది వెనక్కి తిరగని దారి. మళ్లీ ఫ్యాట్32 కావాలంటే ఫార్మాట్ చేయాల్సిందే. ఆ పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌లో, పాత టీవీలో వాడేవాళ్లు ఆలోచించుకోండి. ఎక్స్‌ఫ్యాట్‌ని మాత్రం ఇది మార్చలేదు.

జీపార్టెడ్. లైనక్స్ ఉన్న కంప్యూటర్ దగ్గరుంటే ఫ్యాట్32కి నేను వాడేది ఇదే. 2004 నుంచి ఉన్న టూల్, ఉచితం. దీంట్లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. మీరు ఏం చేసినా వెంటనే చేయదు, కింద వరుసగా రాసి పెట్టుకుంటుంది. పచ్చ టిక్కు నొక్కేదాకా పెన్‌డ్రైవ్‌లో ఒక్క బైటు కూడా మారదు. ఆ వరుసని ఒకసారి నిదానంగా చదవండి. "మూవ్" అన్న మాట కనిపిస్తే ఆగండి. మనకి కావాల్సింది "ష్రింక్" మాత్రమే. పైన కుడిమూల ఏ డ్రైవ్ ఎంచుకున్నారో కూడా సైజుతో పోల్చి చూసుకోండి. 64 జీబీ అని అట్ట మీద రాసి ఉన్నది కంప్యూటర్‌లో 59 చిల్లర కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, కంప్యూటర్ 1024తో. అంతే తేడా, జాగా ఎక్కడికీ పోలేదు.

లైనక్స్ లేని వాళ్లకి జీపార్టెడ్‌తో ఒక తిరకాసు ఉంది. దాన్ని బూట్ చేయడానికే ఇంకో పెన్‌డ్రైవ్ కావాలి. ఇంకో పెన్‌డ్రైవ్ ఉంటే ఈ తంటా అంతా దేనికి? ఆ రెండోదాంట్లోనే విండోస్ పెట్టుకోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని జీపార్టెడ్‌లో కుదించబోతే ఒక్కోసారి ఒప్పుకోదు. ముందటిసారి పెన్‌డ్రైవ్‌ని ఎజెక్ట్ చేయకుండా లాగేసి ఉంటే అలా అవుతుంది. విండోస్‌లో ఎర్రర్ చెకింగ్ చేయించి, సరిగ్గా ఎజెక్ట్ చేసి తెచ్చుకుంటే సరిపోతుంది.

మినీటూల్, ఏఓఎమ్ఈఐ, ఈజ్‌యూఎస్ లాంటి బయటి పార్టిషన్ టూల్స్ విండోస్‌లోనే ఫ్యాట్32ని కుదిస్తాయి. లైనక్స్ లేనివాళ్లకి ఇది సులువు. ఏది ఉచితం, ఏది డబ్బులకి అన్నది వెర్షన్‌ని బట్టి మారుతుంటుంది. అన్నీ ఎంచుకున్నాక చివర్లో కొనమని అడిగినా అడగొచ్చు. కొనకపోతే పోయిందేమీ లేదు, అప్పటికి పెన్‌డ్రైవ్‌లో ఏమీ మారి ఉండదు. కానీ ఆ టెన్షన్‌లో క్రాక్ వెతుక్కుని దించొద్దు. ఉన్న ఒక్క కాపీని ఎవరో తెలియని ప్రోగ్రామ్ చేతిలో పెట్టడమే అవుతుంది.

మాక్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. డిస్క్ యుటిలిటీ ఈ మూడు ఫార్మాట్లనూ కుదించదు. అది చూపించే ఎరేస్ మాత్రం నిజంగానే ఎరేస్.

అసలు పార్టిషన్ అవసరమా?

ఇది ముందే రాయాల్సింది. కానీ మనసులో పార్టిషన్ అనుకుని వచ్చినవాళ్లు వెంటనే వినరని ఇక్కడికి ఉంచాను. బావ అడిగింది పార్టిషన్ గురించి. ఆయనకి కావాల్సింది విండోస్ ఎక్కడం, ఫొటోలు ఉండటం. ఆ రెంటికీ పార్టిషన్ తప్పనిసరి కాదు.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండి, జాగా ఉంటే, ఐఎస్ఓ ఫైలుని (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైలుగా వచ్చేది) తెరిచి అందులోని ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే పెట్టండి. మీ డేటా ఒక ఫోల్డర్‌లో ఉంటే ఉన్నచోటే ఉంటుంది. యూఈఎఫ్ఐ ఉన్న కంప్యూటర్ దానితో బూట్ అవుతుంది. ఉబుంటు లాంటి లైనక్స్‌కి చాలావరకు ఇంతే పని. విండోస్‌తో ఒక అడ్డంకి వస్తుంది. "సోర్సెస్" ఫోల్డర్‌లో ఉండే "ఇన్‌స్టాల్" ఫైలు తరచుగా 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32 దాన్ని పట్టుకోలేదు. విండోస్‌లోనే ఉన్న డిస్మ్ టూల్‌తో దాన్ని ముక్కలుగా విడగొట్టి పెడితే ఇన్‌స్టాలర్ తనే కలుపుకుని చదువుకుంటుంది. కొంచెం ఓపిక కావాలి, కానీ పార్టిషన్ పట్టికని ముట్టుకోని దారి ఇదొక్కటే. డేటా ఒక్కచోటే ఉండి, ఫోన్‌లోనూ జాగా లేక, కొత్తది కొనే వీలూ లేకపోతే నేను ఇదే చేస్తాను.

వెన్‌టాయ్ ఇంకో పద్ధతి. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌కి ఎక్కిస్తే, తర్వాత ఐఎస్ఓని మామూలు ఫైలు లాగా కాపీ చేసుకుంటే చాలు. బూట్ అయ్యాక మెనూలో కనిపిస్తుంది. చివర్లో 32 ఎంబీ చిన్న పార్టిషన్ తన కోసం ఉంచుకుని, మిగతా పెద్ద భాగమంతా మీకే వదిలేస్తుంది. ఐఎస్ఓలు, ఫొటోలు, పాటలు అన్నీ ఒకేచోట పక్కపక్కన ఉండొచ్చు. మామూలుగా ఎక్కిస్తే పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచేస్తుంది, రెండుసార్లు అడిగే చేస్తుంది. డేటా ఉంచుతూ ఎక్కించే "నాన్ డిస్ట్రక్టివ్" పద్ధతి కూడా అందులో ఉంది, కానీ అది అన్ని పెన్‌డ్రైవ్‌ల మీదా కుదరదు. ఉన్న ఒక్క కాపీ మీద దాన్ని ప్రయోగించమని నేను చెప్పను. సెక్యూర్ బూట్ (తెలియని వాటితో బూట్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే మొదటిసారి నీలం తెర ఒకటి వచ్చి కీ నమోదు చేయమంటుంది. భయపడక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ముందు మీ ఐటీ వాళ్లని అడగండి.

బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మొదట తెరిచేది వాటినే. రెండూ మంచి టూల్సే. కానీ అవి పార్టిషన్ని కాదు, మొత్తం పెన్‌డ్రైవ్‌ని తీసుకుంటాయి. మీరు ముందే రెండు భాగాలు చేసి "రెండోదాంట్లో రాయి" అనుకున్నా, మొదటి భాగం కూడా పోతుంది. పార్టిషన్ కష్టపడి చేసుకుని, ఆ తర్వాత ఈ మెట్టు మీద డేటా పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. రెండో భాగం చేసుకున్నవాళ్లు దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఫైళ్లు చేత్తోనే కాపీ చేసుకోవాలి.

ఇక కొత్త పెన్‌డ్రైవ్ కొనడం. షాపు తెరిచి ఉండే వేళ అయితే, మిగతా దారులన్నీ పక్కన పెట్టి ఇదే చేయండి. విండోస్‌కి 8 జీబీ చాలు, ఇప్పుడు షాపుల్లో 16, 32కి తక్కువ దొరకడమే కష్టం. కొన్ని వందల రూపాయలతో పోయేదానికి రాత్రంతా డేటాతో పందెం కట్టొద్దు.

పెన్‌డ్రైవ్ ఒంట్లో బాగోలేకపోతే

కాపీ చేస్తుంటే వేగం సున్నాకి పడిపోయి మళ్లీ లేవడం, ఫోల్డర్ తెరవడానికి నిమిషం పట్టడం, "ఐ/ఓ డివైస్ ఎర్రర్", ఉన్నట్టుండి "రైట్ ప్రొటెక్టెడ్" అనడం. వీటిలో ఏది కనిపించినా పార్టిషన్ ఆలోచన మానేయండి. హార్డ్ డిస్క్ అయితే పోయే ముందు చాలాసార్లు చప్పుడు చేసి చెబుతుంది. పెన్‌డ్రైవ్‌కి ఆ అలవాటు లేదు, కంట్రోలర్ చిప్ ఒక ఉదయం పలకడం మానేస్తుంది, అంతే. చదవగలిగినంత చదివి, ముఖ్యమైనవి ముందు తీసేసుకోండి. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే టూల్ బాగున్న చోట్లు ముందు చదివి, మొరాయించే చోట్లని చివరికి వదిలిపెట్టి, మొత్తం డ్రైవ్‌ని ఒక ఇమేజ్ ఫైలుగా దించుతుంది. ఆ తర్వాత చేసే ప్రయోగాలన్నీ ఆ ఇమేజ్ మీదే. ఎర్రర్ చెకింగ్ కూడా ఇలాంటి పెన్‌డ్రైవ్ మీద వద్దు. అది సరిచేసే పేరుతో రాస్తుంది. తెగిపోయిన ముక్కల్ని ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పేరూ ఊరూ లేని ఫైళ్లుగా పడేస్తుంది.

పొరపాటు జరిగిపోయాక

ముందు పెన్‌డ్రైవ్‌కి ఇంకేమీ రాయకండి. "మీరు ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. పార్టిషన్ పట్టిక మాత్రమే పోయి ఉంటే, మామూలు ఎంబీఆర్ (పార్టిషన్ పట్టికని రాసుకునే పాత పద్ధతి) పెన్‌డ్రైవ్‌లో పోయింది మొట్టమొదటి 512 బైట్ల సెక్టార్‌లోని 64 బైట్లే. మీ ఫైళ్లు అక్కడే ఉన్నాయి, వాటికి దారి చూపే బోర్డు పడిపోయింది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత టూల్ డ్రైవ్ మొత్తం వెతికి పాత హద్దులు పట్టుకుంటుంది. రాసే ముందు అందులో "పీ" నొక్కితే ఆ పార్టిషన్‌లోని ఫైళ్ల పేర్లు చూపిస్తుంది. మీ ఫోల్డర్లు కనిపిస్తే అక్కడి నుంచే బయటికి కాపీ చేసుకోండి, పట్టిక రాయించే పని తర్వాత.

క్విక్ ఫార్మాట్ అయిపోయినా చాలావరకు దొరుకుతుంది. క్విక్ అన్న టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే, విస్టా నుంచి విండోస్ మొత్తం సున్నాలతో నింపుతుంది. దాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫొటోరెక్ ఆఖరి ప్రయత్నం. అది ఫైళ్లని వాటి ఆకారం బట్టి గుర్తుపట్టి తీస్తుంది కాబట్టి పేర్లు, ఫోల్డర్లు ఉండవు. మా బాబు ఫొటోలు నాకు అలాగే దొరికాయి. నంబర్లున్న రెండు వేల ఫైళ్లు. నేనూ మా ఆవిడా రెండు వారాల సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి పేర్లు పెట్టుకున్నాం.

బావ సంగతి. ఆ రాత్రి పెన్‌డ్రైవ్‌ని మా అక్క ఫోన్‌కి ఓటీజీతో పెట్టించాను. ఎక్స్‌ఫ్యాట్ కాబట్టి ఆ ఫోన్ ఇబ్బంది లేకుండా చదివింది. 21 జీబీకి నలభై నిమిషాలు పట్టింది. పెన్‌డ్రైవ్‌లో 6,412 ఫైళ్లు, ఫోన్‌లో 6,409. మూడు తేడా. వెతికితే పాత విండోస్ దాచిపెట్టుకున్న చిన్న సిస్టమ్ ఫైళ్లని తేలింది. అయినా వాళ్ల నాన్నగారి ఫోల్డర్‌ని విడిగా మళ్లీ లెక్కపెట్టించాను, 187కి 187. ఆ ఒక్క ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌కి కూడా ఎక్కించాకే, పక్కింటి ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌కి వెన్‌టాయ్ ఎక్కించమన్నాను. పార్టిషన్ గురించి మళ్లీ ఎవరమూ మాట్లాడుకోలేదు. విండోస్ ఐఎస్ఓ కాపీ అవుతుంటే బావ ఆ 187 ఫొటోలు ఫోన్‌లో ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నారట, అక్క చెప్పింది. ఒంటిగంటకి ల్యాప్‌టాప్ తెర మీద విండోస్ భాష ఎంచుకోమంది. డేటా తిరిగి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాక "ఇక ఫోన్‌లోవి తీసెయ్యనా, జాగా నిండిపోయింది" అని అక్క అడిగింది. కొత్త ఎస్ఎస్‌డీలోకి కూడా ఒక కాపీ వెళ్లి, అది కూడా లెక్క సరిపోయేదాకా తీయొద్దన్నాను.